దర్వాజ పట్టే బండి, గల్లీ పట్టని బండి

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం లోకంలో రెండే జాతుల మనుషులుండేవారు. బండిలో స్టీరింగు ముందు కూర్చునేవాళ్లు ఒక జాతి, మిగిలినవాళ్లంతా ఇంకో జాతి. చదువు, ఆస్తి, అందం లాంటివి నేను పట్టించుకునేవాణ్ని కాదు (ఆ మూడింట్లో నాకు ఒక్కటీ లేకపోవడం అందుకు కారణం కాదని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ని). ఒమన్‌లో మస్కట్ పక్కన ఘాలాలో ఒక వడ్రంగి వర్క్‌షాపులో నా డ్యూటీ. పొద్దున్నే కంపెనీ బస్సులో ఒకరి భుజం మీద ఒకరం నిద్రపోతూ పోవడం, రోజంతా ఇసుక కాగితంతో చెక్కలు రుద్దడం, సాయంత్రం కనుబొమల మీద కూడా రంపపు పొట్టు వేసుకుని అదే బస్సులో రూముకు చేరడం. రోడ్డు మీద మా బస్సు పక్క నుంచి పికప్పులు దూసుకుపోయేవి. వాటిని నడిపేవాళ్లు ఏసీ వేసుకుని మరీ కిటికీ అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టుకునేవారు. ఐశ్వర్యం అంటే అంతకు మించి ఉంటుందని నాకు తోచేది కాదు. అందుకే డ్రైవింగ్ లైసెన్సు కోసం పట్టుబట్టి కూర్చున్నాను.

అక్కడ లైసెన్సంటే మాటలు కాదు. డ్రమ్ముల పరీక్ష అని ఒకటుండేది. వరసగా నిలబెట్టిన డ్రమ్ముల మధ్య సందులోకి బండిని వెనక్కి పోనిచ్చి, దేనికీ తగలకుండా ఆపాలి. ముందుకు నడపమంటే నేను దేశం ఆ కొసనున్న సలాలా దాకా ఆగకుండా నడిపేవాణ్నే. వెనక్కి అనేసరికి మాత్రం నా చేతులు ఒకవైపు, బండి ఒకవైపు పోయేవి. నేను పరీక్షకు వెళ్లినప్పుడల్లా ఏదో ఒక డ్రమ్ము నేల కరిచేది. చివరికి పరీక్ష పెట్టే పోలీసాయన నన్ను చూడగానే డ్రమ్ముల వైపు జాలిగా చూడటం మొదలుపెట్టాడు. రూములో నా అసలు పేరు మరుగునపడి ‘డ్రమ్ము’ స్థిరపడింది. "ఓ డ్రమ్మూ, చాయ్ పెట్టురా" అనేవారు, నేను పెట్టేవాణ్ని. ఆఖరికి ఎలాగో పాసయ్యాను. ఎలా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే మా కంపెనీ పాత పికప్పు ప్రాణం వదిలింది. మా అర్బాబ్, అంటే మా యజమాని, మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలో పాత బండ్లు అమ్మే తన చుట్టం దగ్గర రెండు బండ్లు చూసి వచ్చాడు. ఒకటి జపాన్‌ది, మధ్యరకం పికప్పు. రెండోది అమెరికాది, పెద్ద పికప్పు. ఆయనకు ఎంచుకునే ఓపిక లేదు. నన్ను పిలిచి తన హిందీలో, "నడిపేది నువ్వే కాబట్టి ఎంచేదీ నువ్వే. ఏ బండి కావాలో తీసుకుపో, ఈ శుక్రవారం దాంట్లో మా అమ్మ ఇంటికి దర్వాజ చేర్చిరా. సరైన బండి ఎంచావా, ఇక నుంచి నువ్వు డ్రైవర్‌వి. తప్పు బండి ఎంచావా, ఇసుక కాగితం ఎక్కడికీ పోలేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకది నవ్వులాట కాదు. ఆ స్టీరింగు కోసం ఎన్ని డ్రమ్ములు పడగొట్టానో నాకు తెలుసు.

ఎంపిక విషయంలో మాత్రం నాకు అనుమానమే లేదు. జపాన్ బండి బుద్ధిమంతురాలైన మేకలా ఉంది. అలాంటివి ఒమన్‌లో ఏ సందు చూసినా ఉంటాయి. అమెరికా బండి అలా కాదు. దాని బానెట్ నా ఛాతీ ఎత్తున ఉంది. ఎక్కాలంటే ముందు ఒక మెట్టు, ఆ పైన ఒక చిన్న ప్రార్థన. ఎక్కి కూర్చుంటే పక్కన పోయే కార్ల పైకప్పుల మీద దుమ్ము కనిపించేది. దాని పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాను. (ఆ ఫొటోలో బండి చాలా బాగా వచ్చింది. నేను మాత్రం దాన్ని అడ్రసు అడుగుతున్నవాడిలా ఉన్నాను.) పైకి చెప్పుకోవడానికి నా దగ్గర బ్రహ్మాండమైన కారణం ఉంది. అర్బాబ్ తల్లి ఇంటికి మేం చెక్కిన దర్వాజ నిలువెత్తు మనిషి కంటే పొడుగు. జపాన్ బండి తొట్టిలో అది సగం బయటికి వేలాడుతుంది. అమెరికా బండి తొట్టిలో ఉయ్యాల్లో పసిపిల్లలా పడుకుంటుంది.

ఈ మాట మా ఫోర్‌మన్ సబర్ కాకతో అన్నాను. కాకది మా జగిత్యాల దిక్కే. ఒమన్‌కు ఎప్పుడో వచ్చి, అరబ్బీ నేర్చుకుని, గడ్డం నెరిసేదాకా ఉండిపోయిన మనిషి. ఏం అడిగినా ముందు "సబర్", అంటే ఓపిక పట్టు అని, ఆ తర్వాత ఆలోచించేవాడు, అందుకే ఆ పేరు. లైసెన్సు జోలికి ఎప్పుడూ పోలేదు.

"దర్వాజ పట్టుడు కాదు బిడ్డా, గల్లీ పట్టాలె" అన్నాడు కాక.

"ఊరన్నంక రోడ్డుండదా కాకా?"

"ఎందుకుండదు? గాడిదెల కోసం ఏసిన రోడ్డుంటది."

"గాడిదె పోయిన కాడ బండి పోదా?"

కాక నన్ను కిందినుంచి మీది దాకా చూసి, "పోతది పోతది. గాడిదె నడిపితె పోతది" అని బీడీ వెలిగించాడు. నాకు ఆ మాట అర్థం కావడానికి శుక్రవారం దాకా పట్టింది.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. దర్వాజను కంబళ్లలో చుట్టి తొట్టిలో పడుకోబెట్టాం. నేను ఏసీ వేసి, కిటికీ దించి, మోచెయ్యి బయట పెట్టాను. ఎండకు మోచెయ్యి కాలిపోతోంది, అయినా తీయలేదు. నిజ్వా పట్నం పోయే దారంతా కాక నాకు మర్యాదలు నేర్పుతూ వచ్చాడు. "ఈ దిక్కు ఊర్లల్ల మనిషి ఎదురైతె గబుక్కున పని ముచ్చట చెప్పద్దు. ముందుగాల సలాం. తర్వాత నువ్వెట్లున్నవ్, ఇంటోళ్లెట్లున్నరు. తర్వాత సంగతులేంది, వార్తలేంది అని అడుగుతరు. నువ్వు ‘మా షే’ అనాలె. అంటె ఏం లేదు, అంతా మంచిదే అని. ఇల్లు కాలుతున్నా సరే, ముందు మా షే. కాఫీ తాగినంకనే అసలు ముచ్చట. మధ్యల ఇంకో మనిషి వచ్చి కూసుంటె మళ్ల మొదటికెళ్లి. తెలిసిందా?" తెలిసిందన్నాను. దారిపొడుగునా ‘మా షే, మా షే’ అని వల్లె వేశాను కూడా. చదువుకునే రోజుల్లో అంత శ్రద్ధ చూపించి ఉంటే ఇసుక కాగితం దాకా వచ్చేవాణ్ని కాదు.

నిజ్వా దాటి అర్బాబ్ వాళ్ల ఊరు చేరాం. ఒకవైపు ఖర్జూరపు తోట ప్రహరీ, ఇంకోవైపు పాత మట్టి ఇళ్ల గోడలు, మధ్యలో గల్లీ. దాని చివర అర్బాబ్ తల్లి ఇల్లు. గల్లీ మొదట్లో కాక బండి ఆపించి దిగాడు.

"నేను తోటలకెళ్లి నడిసిపోయి అమ్మకు చెప్త. నువ్వు గల్లీల అడుగులేసి కొలుసుకొని రా."

"కొలుసుడెందుకు కాకా, కండ్లకు కనవడ్తలేదా?"

"కండ్లున్నయి గద" అని కాక తోటలోకి మాయమయ్యాడు.

గల్లీ మొదట్లో బాగానే ఉంది. కొంచెం పోయాక అద్దాలు మడవాల్సి వచ్చింది. ఇంకొంచెం పోయాక గోడల మీది మట్టిలో కలిపిన గడ్డిపోచలు విడివిడిగా కనిపించడం మొదలైంది. అక్కడ గల్లీ కొద్దిగా వంపు తిరిగింది. ఆ వంపు దాటాక ముందున్న దారి ఇంకా సన్నగా ఉంది. ఆపాను. దిగి చూద్దామని తలుపు తెరిస్తే అది జానెడు కూడా జరగకుండా టక్కుమని గోడకు తగిలింది. అటువైపుదీ అంతే. వెనక అద్దం మధ్యలో పక్కకు జరిగే చిన్న కిటికీ ఒకటుంది. దాంట్లోంచి తల పెట్టి చూశాను, తల పట్టింది, చెవులు పట్టలేదు. ముందుకు పోలేను, దిగలేను. ఇక మిగిలింది ఒకటే, వెనక్కి పోవడం. అంటే మళ్లీ డ్రమ్ములు. ఈసారి డ్రమ్ములు కావు, ఎవరివో ముత్తాతలు కట్టిన గోడలు. కాకను పిలుద్దామని ఫోను చేశాను. కాక ఫోను నా పక్క సీట్లోనే మోగింది.

చెమటలు తుడుచుకుని రివర్సు గేరు వేయబోతుండగా బానెట్ ముందు ఒక ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. తెల్లని దుస్తులు, తలకు చుట్టిన రంగుల శాలువా, చేతిలో సన్నని కర్ర. "సలాం అలైకుం" అన్నాడు. నేనూ తిరిగి సలాం చెప్పాను. ఎట్లా ఉన్నావన్నాడు. బాగున్నానన్నాను. ఇంటివాళ్లు? బాగున్నారు. వార్తలేమిటి? ఒక్క క్షణం గోడల వైపు చూశాను. కాక మాట గుర్తొచ్చింది. "మా షే" అన్నాను. ఆయన సంతృప్తిగా తల ఊపి, బండి వెనకవైపు చూసి ఎవరినో కేకేశాడు. సాయానికి మనుషులను పిలుస్తున్నాడనుకుని మనసులోనే దండం పెట్టాను. ఆయన పిలిచింది కాఫీ కోసం.

కాఫీ కూజా వెనకవైపు నుంచి వచ్చింది, దాంతో పాటు నలుగురు పెద్దమనుషులు కూడా. బండి అడ్డం కాబట్టి అందరూ తొట్టిలోకి ఎక్కి, కంబళ్లు చుట్టిన దర్వాజ మీదే బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరూ ఆ చిన్న కిటికీలోంచి చెయ్యి లోపలికి చాచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నేను మెడ వెనక్కి తిప్పి, నడుం మెలిపెట్టి, ఒక్కొక్కరికీ మా షే చెప్పాను. ఖర్జూరాలు వచ్చాయి, హల్వా వచ్చింది. చిన్న గిన్నెలో యాలకుల వాసన వేసే కాఫీ వచ్చింది. తాగి ఇస్తే మళ్లీ నింపారు. (చాలనుకున్నప్పుడు గిన్నెను అటూఇటూ ఊపాలట. కాక అది నేర్పలేదు. మర్చిపోయానని తర్వాత అన్నాడు గానీ నేను నమ్మలేదు.) సరే, కాఫీ అయింది కదా, ఇక అసలు ముచ్చట చెబుదామని గొంతు సవరించుకునేసరికి ఇంకో ఆయన వచ్చి తొట్టిలోకి ఎక్కాడు. మళ్లీ సలాం. మళ్లీ ఇంటివాళ్లు. మళ్లీ వార్తలు. మళ్లీ మా షే. మళ్లీ కాఫీ.

నిజం చెప్పొద్దూ, మర్యాద ఒక్కటే నా నోరు నొక్కలేదు. ‘ఇరుక్కున్నాను’ అని నోటితో అన్నానంటే ఆ మాట సాయంత్రానికి ఘాలా చేరుతుంది. చేరితే స్టీరింగు పోతుంది, ఇసుక కాగితం వస్తుంది. అందుకని ప్రతి గిన్నెకూ నవ్వు ఇంకొంచెం పెంచాను. వాళ్లలో ఒకాయన వచ్చీరాని హిందీలో బండి చాలా బాగుందన్నాడు. ఇంకొకాయన, ఇక్కడ నీడ కూడా బాగుంటుందన్నాడు. నేను రెండింటికీ తల ఊపాను. కానీ తాగిన కాఫీ లోపల ఊరికే ఉంటుందా? అది తన దారి వెతుక్కోవడం మొదలుపెట్టింది. దారి మాత్రం దానికీ లేదు, నాకూ లేదు. ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని, స్టీరింగును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. నా కలల సింహాసనం అది. దిగడానికి వీల్లేకుండా కూర్చోబెడతారని కలలో ఎవరూ చెప్పలేదు.

అప్పుడు వచ్చింది అర్బాబ్ తల్లి. దర్వాజ ఎంతకీ రాకపోయేసరికి చేతికర్ర పొడుచుకుంటూ గల్లీలో నడిచి వచ్చింది, వెనక కాక. బక్కపలచని మనిషి, పువ్వుల పువ్వుల గుడ్డలు, మోకాలి నొప్పితో ఒకవైపు ఒరిగే నడక. బానెట్ ముందు నిలబడింది. తొట్టిలో పెద్దమనుషులను చూసింది, గోడలను చూసింది, అద్దంలోంచి నన్ను చూసింది. సలాం చెప్పలేదు. ఇంటివాళ్ల గురించి అడగలేదు. వార్తలు అసలే అడగలేదు. ఒక్క మాట అంది. కాక నవ్వాపుకుంటూ దాన్ని తెలుగు చేశాడు.

"ఇరుకవడ్డవా బిడ్డా, అంటున్నది."

ఊరందరికీ చెప్పిన మా షే ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. ఎందుకో తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇరుకవడ్డ అమ్మా" అన్నాను, తెలుగులోనే. కాక తర్జుమా చేయకముందే ఆమెకు అర్థమైంది.

ఇక చూడాలి ఆ పెద్దమనుషుల అవస్థ. ఆమె కర్ర ఎత్తి వాళ్లను చడామడా తిట్టింది. పిల్లవాడు గోడల మధ్య ఇరుక్కుని చస్తుంటే మీరు దర్వాజ మీద కూర్చుని కాఫీలు తాగుతారా అంది. మొదట వచ్చిన ముసలాయన బాధగా చేతులు చాచాడు. "రాగానే చూశాం, ఇరుక్కున్నాడని మాకు తెలియదా? వార్తలేమిటని ఎన్నిసార్లు అడిగామో అతన్నే అడుగు. ఏమీ లేదన్నాడు. లేదన్న అతిథితో, కాదు నీకు కష్టం ఉంది అని మేమెలా అంటాం?" అన్నాడు. కాక ఇది తెలుగులో చెప్పాక బానెట్ మీద తల పెట్టుకుని నవ్వాడు. నాకు నవ్వాలని ఉంది గానీ, అప్పుడున్న స్థితిలో నవ్వడం ప్రమాదకరం.

ఆ కేకలకు పోగైన కుర్రాళ్లు దర్వాజను తొట్టిలోంచి పైకెత్తి, బండి కప్పు మీదుగా బానెట్ ముందుకు అందుకుని, ఎనిమిది మంది పల్లకీ మోసినట్టు ఇంటికి మోసుకుపోయారు. (అదేదో గల్లీ మొదట్లోనే చేసి ఉంటే అని మీరు అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను.) ఇక మిగిలింది నేను, బండి, రివర్సు గేరు. మిగిలినవాళ్లంతా తలో వైపు తిప్పమని కేకలు పెట్టారు. కుడి అని ఒకరు, ఎడమ అని ఒకరు, ఆగమని ఒకరు. ఆమె కర్రతో బానెట్ మీద టక్కున కొట్టింది. అందరూ నోళ్లు మూశారు. కాక తొట్టి మీదుగా వెనక్కి దిగి నిలబడి, ఒకే ఒక్క మాట మొదలుపెట్టాడు. "సబర్... సబర్... జర ఇటు... సబర్..." నేను గోడలను చూడటం మానేసి ఆ గొంతును పట్టుకుని వెనక్కి పోయాను. వంపు దగ్గర కుడి అద్దం గోడను గీసింది, చూరు నుంచి గుప్పెడు మట్టి నా ఒళ్లో రాలింది, అంతే. గల్లీ బయట వెడల్పు కనిపించగానే బండి ఆపి, తలుపు తెరిచి, ఎవరికీ సలాం చెప్పకుండా ఖర్జూరపు తోటలోకి పరుగెత్తాను. ఆ రోజు నేను తప్పిన మర్యాద అదొక్కటే.

తిరిగి వచ్చేసరికి ఆమె ఎండలో బండి చుట్టూ తిరుగుతోంది. కాక మర్యాదకు, కూర్చుంటావా అమ్మా అని తలుపు తీశాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టబోయి, మోకాలు పట్టుకుని, కాలు దించేసింది. దీన్ని కొంటే నిచ్చెన కూడా కొనమను నా కొడుకును అంది. ఆ రోజు దర్వాజ కోసం మానుకుంది గానీ ప్రతి శుక్రవారం ఆమె నిజ్వాలో మేకల సంతకు పోతుందని, కొత్త బండి కొనడంలో కొడుకు మనసులో ఉన్న పని అది కూడానని అప్పుడు తెలిసింది. తొట్టిలో దర్వాజ పడుతుందా లేదా అని కొలిచాను గానీ, ముందు సీట్లో ఎవరు కూర్చుంటారో అడగాలని నాకు తట్టనేలేదు.

శనివారం డ్యూటీకి పోగానే, ఎవరూ చెప్పకుండానే ఇసుక కాగితం అందుకుని ఒక చెక్క పలక ముందు కూర్చున్నాను. అర్బాబ్ వచ్చి నా ఎదురుగా నిలబడి అడిగాడు, "వార్తలేమిటి?"

"మా షే" అన్నాను. అలవాటైపోయింది మరి.

ఆయన పక్కనున్న స్టూలు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మా అమ్మ వేరేగా చెప్పిందే!" అన్నాడు. తర్వాత జేబులోంచి జపాన్ బండి తాళం తీసి నా పలక మీద పెట్టాడు. "తప్పు బండి ఎంచావు. నా లెక్కన ఇసుక కాగితమే నీకు సరి. కానీ మా అమ్మ ఏమందంటే, ముందుకు పోవడం ఏ మేకకైనా వచ్చు, ఆ గల్లీలోంచి గోడ పడకుండా వెనక్కి వచ్చినవాడు మాత్రం ఇతనొక్కడే అంది. శుక్రవారం సంతకు ఇతన్నే పంపమంది." ఆ తాళం ఎత్తుకుని, పొట్టు దులిపి జేబులో వేసుకున్నాను. డ్రమ్ముల పరీక్ష నేను నిజంగా పాసయింది ఆ రోజేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ తర్వాత నేను ఒమన్‌లో ఉన్నన్నాళ్లూ ఆమెను ముందు సీట్లో, మేకలను వెనక తొట్టిలో ఎక్కించుకుని తిరిగాను. అంతకంటే ముందు, తాళం వచ్చిన ఆ సాయంత్రం, చవగ్గా మాట్లాడొచ్చని టెలిఫోన్ బూత్‌కు పోయి ఇంటికి ఫోను చేశాను. "ఎట్లున్నవ్ బిడ్డా, ఏం సంగతులు?" అంది అమ్మ. "ఏం లేదమ్మా, అంతా మంచిగనే ఉన్నది" అన్నాను. అన్నాక నా మాట నాకే వినిపించింది. ఫోను కోసం నా వెనక వరసలో నిలబడ్డ రూము వాళ్లను చూశాను. జ్వరంతో పడి లేచినవాడు, సైటులో కాలు బెణికినవాడు, సూపర్‌వైజర్‌తో తిట్లు తిని వచ్చినవాడు. ఫోను అందుకోగానే అందరిదీ అదే మాట, అంతా మంచిగనే ఉన్నది. కాక అరబ్బీలో నేర్పింది మాకు ముందే వచ్చిన విద్య.

ఇప్పుడు నేను జగిత్యాలలో సామాన్లు మోసే చిన్న ట్రాలీ నడుపుతున్నాను. కొత్త గల్లీ అయితే దిగి అడుగులేసి కొలుచుకున్నాకే పోతాను, పిల్లలు చూసి నవ్వుతారు. మా అక్క కొడుకు ఒమన్‌లోనే సోహార్‌లో పని చేస్తున్నాడు. మొన్న ఫోను చేశాడు.

"ఎట్లున్నవ్‌రా అల్లుడా, ఏం సంగతులు?"

"ఏం లేదు మామా. అంతా మంచిగనే."

"మంచిది. డోరు తెరుసుకుంటున్నదా?"

"ఏం డోరు మామా?"

నా గల్లీ కథ వాడు చిన్నప్పుడే విన్నాడు. గోడ మీది ఫొటోలో ఆ పెద్ద బండి పక్కన నిలబడి అడ్రసు అడుగుతున్న బక్క పిల్లవాణ్ని చూస్తూ, "గల్లీల బండి డోరు" అన్నాను. అవతల వాడు కాసేపు నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆగింది.

"మామా... ఇక్కడ జర ఇబ్బందే ఉన్నదే" అన్నాడు.

"సబర్" అన్నాను. "చెప్పు, ఇంటున్న."